ఇంతకీ ఆ స్టిక్కరు ఎవరు పీకాలి?

ముందే ఒప్పేసుకుంటున్నా, ఈ టపా స్టిక్కర్ల గురించి. అవునండీ, పిల్లల బొమ్మల మీద అంటించి ఉంటాయే... ధర కాగితాలు, బార్‌కోడ్లు, "ఒకటి కొంటే ఒకటి ఉచితం"లు, అవే. ప్రపంచంలో రాయడానికి ఇంకేం దొరకలేదా అని మీరడగొచ్చు. మా గోదావరిఖని దోస్తు ఒకడు ఆల్రెడీ అడిగేశాడు. వాడికి చెప్పిన జవాబు చివర్లో రాస్తాను. ముందు కథ వినండి.

మాది కమాన్‌పూర్. పెద్దపల్లి జిల్లా (2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా), ఆదివరాహస్వామి గుడి ఉన్న ఊరు. చుట్టుపక్కల అంతా సింగరేణి. బాపు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను మాత్రం హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని కీబోర్డు కొట్టుకుంటుంటాను. ఊరికి ఏదో ఒకటి చెయ్యాలి అనే దురద మనందరికీ అప్పుడప్పుడూ పుడుతుంది కదా, ముఖ్యంగా అప్రైజల్ అయిపోయిన వారంలో. అలాంటి వారంలోనే "మీ పిల్లలు ఆడి వదిలేసిన బొమ్మలుంటే ఇవ్వండి, మా ఊరి అంగన్‌వాడీకి పంపిస్తాను" అని ఫ్లోరు మొత్తానికి మెయిలు కొట్టాను. నాలుగు రోజుల్లో మూడు అట్టపెట్టెలు నిండాయి. ఫోటో తీసుకున్నాం. చప్పట్లు కొట్టుకున్నాం. పెట్టెలు బస్సెక్కాయి. నేను మళ్లీ నా బగ్గుల్లో పడిపోయాను.

దసరాకి ఊరెళ్లాను. మా బెల్టులో దసరా ఎంత పెద్ద పండగో అక్కడ పుట్టిన వాళ్లకి చెప్పక్కర్లేదు. సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా ఎంత శాతం అన్నది ఆ రోజుల్లో ప్రతి హోటల్లోనూ నడిచే చర్చ. సరే, పండగ మర్నాడు అంగన్‌వాడీ టీచరు ఇంటికి దగ్గరే కదా అని పలకరించడానికి వెళ్లాను. మనసులో మాట చెప్పాలంటే, థాంక్స్ చెప్పించుకోవడానికే వెళ్లాను :)

ఆమె నన్ను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, మొహమాటపడుతూ సెంటరు తాళం తీసి ఒక అట్టపెట్టె చూపించింది. నేను పంపిన పెట్టే. సగానికి పైగా బొమ్మలు అందులోనే ఉన్నాయి.

"తమ్మీ, ఏమనుకోకు. గివి ఇస్తే పొల్లగాండ్ల చేతులు నల్లగైతున్నయ్. అవే చేతులు నోట్లె వెట్టుకుంటరు. సబ్బువెట్టి కడిగిన, పోతలేదు. నాకు వంట జూసుకునుడు, పిల్లల తూకాలు, రిజిస్టర్లు, ఫోన్ల ఎంట్రీలు... ఎప్పుడు గీకాలె నేను?"

చేతిలోకి తీసుకుని చూస్తే అర్థమైంది. ప్రతి బొమ్మ మీదా ఒక నల్లటి చతురస్రం. లారీ తలుపు మీద ఒకటి, బాతు వీపు మీద ఒకటి, వంటసామాను మూకుడు అడుగున ఒకటి. స్టిక్కరు పైకాగితం ఎప్పుడో ఊడిపోయింది, జిగురు మిగిలింది. హైదరాబాదులో ఆ జిగురు మీద మామూలు దుమ్ము పడితే బూడిదరంగులో ఉండి కంటికి ఆనదు. మా దగ్గర పడేది బొగ్గు దుమ్ము. పొద్దున తుడిచిన అరుగు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అలాంటి గాలిలో జిగురు ముక్క పెడితే ఏమవుతుంది? తారు ముద్ద అవుతుంది.

ఇంకొక బొమ్మ మీద పుట్టినరోజు స్టిక్కరు అలాగే ఉంది. ఎవరో పాప పేరు, కింద ఫ్లాటు నంబరు. అది చూసి నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఇది ఇచ్చినట్టా, అరువిచ్చినట్టా? మూడేళ్ల పిల్ల చేతిలో ఇంకో పిల్ల పేరున్న బొమ్మ పెట్టి మనం చప్పట్లు కొట్టుకున్నామన్నమాట.

పెట్టె భుజాన వేసుకుని ఇంటికొచ్చాను.

ఇక్కడి నుంచి నా ఇంజనీరింగు తెలివి మొదలు. గూట్లో చెల్లెలి గోళ్ల రంగు చెరిపే సీసా కనబడింది. దూదితో తడిపి కారు బొమ్మ కిటికీ మీద రుద్దాను. జిగురు పోయింది. దాంతోపాటు కిటికీ కూడా పోయింది! అద్దంలా ఉన్న ప్లాస్టిక్ కాస్తా పాలు ఒలికినట్టు తెల్లగా మసకబారి, వేలిముద్ర పడేంత మెత్తబడింది. సరే, గ్యాస్‌నూనె (అంటే కిరోసిన్, మా దగ్గర అలాగే అంటాం) తెద్దామని లేవబోతే అమ్మ అరిచింది. "పిల్లలు నోట్లె వెట్టుకునే వస్తువుకు గ్యాస్‌నూనె రాస్తవా? బుద్ధున్నదారా నీకు?"

బాపు అప్పటిదాకా పేపరు చదువుతూ ఉన్నవాడు కళ్లజోడు పైకి నెట్టి ఒక్క మాటన్నాడు. "మాకు బాయిల టోపీ ఇచ్చినప్పుడే చెప్పెటోళ్లు. రంగులెయ్యొద్దు, స్టిక్కర్లంటియ్యొద్దు, పెట్రోలుతోని తుడువొద్దు అని. పైకి మంచిగనే కనవడ్తది. లోపట బీటలువడ్తది. రాయివడ్డనాడు తెలుస్తది."

నేను పదిహేనేళ్లుగా సాఫ్టువేరులో ఉన్నాను. "పైకి బాగానే కనబడుతుంది, లోడు పడ్డ రోజు తెలుస్తుంది" అన్న వాక్యం ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు. బాయిలో పనిచేసిన మనిషి అదే మాట ప్లాస్టిక్ గురించి చెబితే నోరు మూసుకుని విన్నాను. అది నిజం కూడా. ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్కులకి కొన్ని ద్రావకాలు తగిలితే కంటికి కనబడని సన్నటి పగుళ్లు వస్తాయి. బండి హెల్మెట్ల మీద పెట్రోలు, థిన్నరు వాడొద్దని హెచ్చరిక ఉండేది అందుకే. మనలో ఎంతమంది చదివామో తెలీదు కానీ.

చివరికి పని చేసింది అమ్మ పద్ధతి. కొబ్బరినూనె. జిగురు మీద మందంగా రాసి ఒక అరగంట ఎండలో పెట్టింది. రామగుండం ఎండ గురించి మీకు తెలుసుగా, హెయిర్ డ్రయ్యరు ఎందుకు దండగ. తర్వాత పాత గుడ్డతో గట్టిగా ఒత్తి తుడిస్తే పురుగుల్లా చుట్టుకుపోయి ఊడొచ్చింది. ఆఖర్న గిన్నెల సబ్బు, గోరువెచ్చటి నీళ్లు. అంతే.

ఇది మ్యాజిక్ కాదు. స్టిక్కరు జిగురు మామూలు బంకలా ఆరి గట్టిపడేది కాదు. అది ఎప్పటికీ ఆరని, చాలా చిక్కటి ద్రవం లాంటిది. ఒత్తితే పారుతుంది, ప్లాస్టిక్ మీదున్న కంటికి కనబడని గుంటల్లోకి మెల్లగా దిగుతుంది. అందుకే నిన్న అంటించింది తేలిగ్గా వస్తుంది, రెండేళ్ల కిందటిది రాదు. ఎండా గాలీ తగిలి పాతబడిన కొద్దీ మరింత మొండికేస్తుంది. సబ్బునీళ్లకి లొంగదు, ఎందుకంటే రబ్బరూ రెజిన్లూ కలిసిన జిగురుకి నీళ్లంటే పడదు. నూనె అంటే పడుతుంది. జిడ్డుని జిడ్డే తీస్తుందన్నమాట. నూనె లోపలికి ఇంకి జిగురుని ఉబ్బించి దాని పట్టు వదిలిస్తుంది. కొన్ని స్టిక్కర్లలో ఆక్రిలిక్ జిగురు ఉంటుంది, అది నూనెకంటే ఆల్కహాలుకి బాగా లొంగుతుంది. 2020లో ఇల్లిల్లూ కొని దాచిన శానిటైజరు సీసా ఇంకా ఎక్కడో ఉంటుంది చూడండి, అది పనికొస్తుంది. కాకపోతే పొయ్యి దగ్గర వద్దు, పిల్లలు చుట్టూ ఉన్నప్పుడు వద్దు, అద్దంలా ఉండే ప్లాస్టిక్ మీద అసలు వద్దు.

ఏ బొమ్మకి ఏది వాడాలో తెలియాలంటే బొమ్మ అడుగున బాణాల త్రికోణంలో అంకె ఉందేమో చూడండి. అన్నిటికీ ఉండదు, ఉన్నవాటికి మాత్రం పని సులువు. 2 అన్నా 5 అన్నా పాలిథీన్, పాలీప్రొపిలీన్ జాతి, గట్టి పిండం, కంగారు లేదు. 6 అంటే పాలీస్టైరీన్, 7 అంటే "ఇతరములు", మన ఏబీఎస్ తరచుగా అందులోనే ఉంటుంది. ఈ రెంటి మీదా అసిటోను, థిన్నరు, పెట్రోలు లాంటివి పొరపాటున కూడా వద్దు. కొబ్బరినూనె కూడా గంటలు గంటలు నాననివ్వకుండా పని కాగానే కడిగెయ్యండి. 3 అంటే పీవీసీ. మెత్తటి పీవీసీ బొమ్మల్లో ఒక తిరకాసుంది. మెత్తదనం కోసం కలిపిన ప్లాస్టిసైజరే మెల్లగా జిగురులోకి పాకి రెండూ కలిసి బంకబంకగా తయారవుతాయి. అది పూర్తిగా పోదు. అలాంటి పాత బొమ్మని పసిపిల్లలకి ఇవ్వకండి, అంతే. ఆ ప్లాస్టిసైజర్లలో థాలేట్లు అనే రకాలకి మన బొమ్మల భద్రతా ప్రమాణం ఐఎస్ 9873లో పరిమితులు పెట్టింది ఊరికే కాదు.

గీకడానికి బ్లేడు వద్దు, గీతలు పడతాయి, ఆ గీతల్లో మళ్లీ మట్టి చేరుతుంది. గడువు తీరిన ఏటీఎం కార్డు చాలు. ఏది వాడినా ముందు కనబడని మూల ఒక చుక్క వేసి చూడండి. ప్రొడక్షన్లో నేరుగా మార్పులు చెయ్యకూడదని మనకి మనం చెప్పుకుంటాం కదా, నేను కారు కిటికీ మీద చేసింది అదే.

సరే, చిట్కాలు అయిపోయాయి. ఇప్పుడు నా అసలు బాధ.

ఆ రోజు అమ్మా నేనూ కలిసి ఒక పెట్టె బొమ్మలు శుభ్రం చెయ్యడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. ఒక్క పెట్టె! ఆ స్టిక్కరు అంటించడానికి దుకాణంలో కుర్రాడికి ఎంతసేపు పట్టి ఉంటుంది? చేతిలో తుపాకీలాంటి మిషను, టక్ టక్ మని సెకనుకొకటి. అంటించేవాడికి ఒక సెకను, పీకేవాడికి పావుగంట. అంటించేవాడు ఎప్పుడూ పీకడు, పీకేవాడిని ఎవడూ అడగడు. మన భాషలో చెప్పాలంటే రిలీజు తేదీ కోసం ఎవడో ఒక ప్యాచ్ వేసి వెళ్లిపోతాడు, ఐదేళ్ల తర్వాత సపోర్టు టీములో ఎవరో శనివారం రాత్రి దాన్ని గోకుతూ కూర్చుంటారు. తేడా ఏంటంటే సపోర్టు వాడికి జీతమొస్తుంది. టీచరక్కకి ఈ గోకుడికి పైసా రాదు.

టెక్నాలజీ లేదు కాబట్టి ఇలా చేస్తున్నారు అనుకుంటే పొరపాటు. వెనక కాగితం తీసి అంటించుకునే లేబుల్‌ని అమెరికాలో స్టాంటన్ ఏవరీ అనే ఆయన 1935లో వ్యాపారంగా మొదలెట్టాడు. ఆయన కంపెనీకి పెట్టిన మొదటి పేరు "కమ్ క్లీన్". అంటే శుభ్రంగా ఊడొస్తుంది అని! వస్తువు మీద మచ్చ మిగలకుండా ధర కాగితం ఊడిరావడమే ఆ సరుకు గొప్పదనం. చూశారా, స్టిక్కరు పుట్టిందే ఊడిరావడానికి. ఆ తర్వాత 1968లో త్రీ ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు చెయ్యబోతే అంటీ అంటని జిగురు తయారైంది. 1980లో అమెరికా అంతటా మార్కెట్లోకొచ్చిన పోస్ట్-ఇట్ చీటీల జిగురు అదే. మన ఆఫీసుల్లో స్క్రమ్ బోర్డు మీద అంటించి పీకే పసుపు చీటీలు శుభ్రంగా ఊడొస్తాయి. పిల్లవాడు నోట్లో పెట్టుకునే బాతు మీది కాగితం మాత్రం ఊడిరాదు. ఇది టెక్నాలజీ సమస్యా? కాదు. ఎవరికీ పట్టకపోవడం అనే సమస్య.

దుకాణాలవాళ్లు అనొచ్చు, తేలిగ్గా ఊడే జిగురు పెడితే కస్టమర్లు ధరలు మార్చి అంటించేస్తారని. న్యాయమైన మాటే. మరి ధర అట్టపెట్టె మీద అంటించండి, బొమ్మ మీద కాదు. పెట్టె లేని బొమ్మకి దారంతో చీటీ కట్టండి, బట్టల కొట్టువాళ్లు కడుతున్నారుగా. నిజానికి ప్యాకెట్ మీద ఉన్న గరిష్ఠ ధర మార్చడానికి స్టిక్కర్లు అంటించకూడదనే 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. ధర తగ్గించడానికైతే అంటించుకోవచ్చు, అదీ అసలు ధరని కప్పకుండా. అంటే కాగితం ఎక్కడ అంటించాలి అన్నది ప్రభుత్వం పట్టించుకోవాల్సినంత విషయమే అని ఎప్పుడో తేలిపోయింది. కొనేవాడి జేబు కోసం ఆలోచించారు. ఆడేవాడి చెయ్యి కోసం కూడా ఒక అడుగు వేస్తే బావుంటుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. అన్ని కాగితాలూ పీకేయకండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు (నిర్మల్, కొండపల్లి లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న చేతిబొమ్మలకి మినహాయింపు ఉంది). ఆ గుర్తు, "మూడేళ్లలోపు పిల్లలకు కాదు" అన్న హెచ్చరిక, బ్యాటరీల వివరం లాంటివి ఉంటే ఉంచండి. కాగితం మీదే ఉండి సగం ఊడిపోతుంటే పీకేసి, ఆ సంగతి ఒక చీటీ మీద రాసి టీచరుకి ఇవ్వండి. సగం ఊడిన స్టిక్కరు పసిపిల్లల చేతిలో ఉంటే మొదట వెళ్లేది నోట్లోకే.

ఇప్పుడు మన వంతు. దుకాణాలవాళ్లని తిట్టడం తేలిక. కానీ ఆ మూడు పెట్టెలు పంపింది దుకాణం కాదు, నేను. ఏ ఒక్క బొమ్మనీ తిప్పి చూడలేదు. ఫోటోకి ముందు పెట్టె మీద మా టీము పేరు మాత్రం నీటుగా ప్రింటు తీసి అంటించాను. అది కూడా స్టిక్కరే!

మనం ఊళ్లకి పంపే వాటిలో చాలావరకు ఇంతే కదా. పాత బట్టలకి గుండీలుండవు. పాత కంప్యూటర్లకి చార్జర్లుండవు. పాత పుస్తకాల్లో సగం పేజీలకి లెక్కలు చేసేసి ఉంటాయి. మన ఇల్లు ఖాళీ అవుతుంది, మనసు తేలికవుతుంది, మిగిలిన పని మాత్రం అవతలి వాళ్ల నెత్తిన పడుతుంది. "ఫ్రీగా వచ్చింది కదా, శుభ్రం చేసుకోలేరా" అని మనలో ఎవరైనా అనుకుంటే (నేనూ ఒక క్షణం అనుకున్నాను, అబద్ధమెందుకు) ఒక్కసారి లెక్కెయ్యండి. మా ఫ్లోరులో నలభైమంది తలా రెండు బొమ్మలు శుభ్రం చేసి ఇస్తే ఒక్కొక్కరికి ఒక టీ బ్రేకు పని. అవే ఎనభై బొమ్మలు ఒక్క టీచరు మీద పడితే ఎన్ని రోజులు? ఆ రోజుల్లో ఆమె ఎవరి తూకం చూడాలి, ఎవరి అన్నం ఆపాలి?

కాబట్టి నా అభిప్రాయం సూటిగా: శుభ్రం చెయ్యకుండా ఇచ్చింది దానం కాదు, చెత్త తరలింపు. ఇచ్చేవాడే పీకాలి. పీకే తీరిక లేకపోతే ఇవ్వకండి. నిజంగా చెబుతున్నా, ఇవ్వకపోయినా ఫరవాలేదు. అసలు అంగన్‌వాడీకి ఏం కావాలో ముందు ఫోన్ చేసి అడగండి. నేను ఈసారి అడిగాను. "బొమ్మలు చాలు తమ్మీ, అవి వెట్టనీకె మూతున్న డబ్బాలుంటే పంపు, దుమ్ము వడకుంట" అంది. మూడు పెట్టెలు పంపే ముందు నేను ఈ ఒక్క ఫోన్ ఎందుకు చెయ్యలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఇంతకీ మా గోదావరిఖని దోస్తు సంగతి. వాడన్నాడు, "అరే, ఓపెన్‌కాస్టుల కింద ఊర్లకు ఊర్లే వోతుంటే, దుమ్ముతోని పిల్లలు దగ్గుతుంటే, నువ్వు జిగురు మీద రాస్తవారా?"

వాడి మాటలో తప్పు లేదు. దుమ్ము పెద్ద సమస్య, జిగురు చిన్నది. దుమ్ము గురించి అడగాల్సిన వాళ్లని గట్టిగా అడగాల్సిందే. కానీ ఆ దుమ్ముని నేను ఆపలేను, కనీసం ఈ ఆదివారం ఆపలేను. ఆ దుమ్ము పిల్లల చేతికి అంటుకోవడానికి బొమ్మ మీద చోటు పెట్టి పంపింది మాత్రం నేనే. దాన్ని ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా ఇంట్ల కూడ ఒక సంచెడున్నయ్‌రా, కొబ్బరినూనె ఎంతసేపుంచాలె?" అన్నాడు.

అరగంట చాలు. ఎండలో పెడితే ఇంకా తొందరగా.

అన్నట్టు, పుట్టినరోజు స్టిక్కరున్న ఆ బొమ్మ పింగాణీలా మెరిసే ఒక చిన్న టీ సెట్టు. పేరు చెరిగిపోయాక అమ్మ దాన్ని మళ్లీ మళ్లీ తుడిచింది. ఇప్పుడది అంగన్‌వాడీలో ఉంది. ఎవరి పేరూ లేదు దాని మీద. మొన్న ఫోన్ చేస్తే టీచరక్క చెప్పింది, దానికోసమే రోజూ కొట్లాటట.

మీ ఇంట్లో అటక మీద పెట్టె ఉంటే ఈ ఆదివారం దించండి. పంపే ముందు ఒక్కో బొమ్మనీ తిప్పి చూడండి. అంతకంటే నేను అడిగేది ఏమీ లేదు. మీరేమంటారు?